అడవికందికి ఒడి పట్టిన సైంటిస్టమ్మ

మా సైంటిస్టమ్మ కన్నుమూసిందని హైదరాబాదు నుంచి ఆమె శిష్యురాలు ఫోన్ చేసింది. మగ్గం మీద ఉన్నాను. పోగు నేసే నాడె చేతిలోనే ఆగిపోయింది. ఆ సాయంత్రం భజన మందిరంలో నేను చెప్పవలసిన పురాణం పక్కన పెట్టి ఆమె కథే చెప్పాను. విన్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు. ఆమెకు అంతకంటే తగిన నివాళి ఏముంటుంది? మీకూ అదే చెబుతాను, వినండి.

ఆత్మకూరు దాటాక మా ఊరు, ఊరి వెనక రాళ్లగుట్ట. తెలంగాణ వచ్చిన కొత్తలో, వానాకాలంలో, ఆమె మొదటిసారి ఆ గుట్ట ఎక్కింది. చీర కింద బూట్లు, నెత్తిన టోపీ, మెడలో భూతద్దం. వచ్చింది దేని కోసమనుకున్నారు? రేగుపొదల మీద అల్లుకునే అడవికంది తీగ కోసం! మేకలు కూడా లెక్కచేయని తీగ.

"మన కందికి ఇది దాయాది, స్వామీ. రెంటికీ తాత ఒక్కడే. వేల ఏండ్ల సంది మారుకుంట మారుకుంట ఒకటి పొలానికొచ్చింది, ఒకటి గుట్ట మీదనే ఉండిపోయింది" అన్నది.

నేను ఊరుకుంటానా? బడికి పోకపోయినా శాస్త్రం నాలుక మీద ఉన్నవాణ్ని. మందిరం మెట్ల మీదే నిలదీశాను. "సృష్టి చేసేది భగవంతుడమ్మా! గింజ తనంతట తాను మారుతదా?"

"ఒక్కటిగ ఉన్న పరమాత్మ అనేకం కావాలనుకున్నడని నిన్న మైకుల చెప్పింది మీరే గద! నేను గా అనేకాన్నే వెతుక్కుంట తిరుగుతున్న. జర నా పని నన్ను చేసుకోనియ్యిండ్రి."

మరుసటి ప్రసంగంలో ఆ మాటే ఎత్తుకొని గొంతు పోయేదాకా గర్జించాను.

ఏ ఇంట్లో పప్పు తిన్నా, ఇది ఎవరి చేను కంది అని అడిగేది. ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టుకొని పసిబిడ్డ చెవిని నిమిరినట్టు నిమిరేది. గుట్టగుట్టకూ తీగ తీరు వేరట. మా గుట్ట తీగ కాయకు దట్టమైన నూగు, కాయతొలిచే పురుగు దాని జోలికే రాదు. "అందరు ఒక్కటే రకం వేసుకుంటే ఒక్క తెగులు చాలు స్వామీ, ఊరందరి పప్పు అదే తినిపోతది" అనేది. అందుకే ఆ నూగుకాయ గింజ ఆమెకు ప్రాణం.

ఇంతలో గుట్ట కంకర మిషనువాళ్లకు లీజుకు పోయింది. ఆ చలికాలం కాసిన కాయే చివరిది. అడవికంది కాయ ఎండితే పగిలి గింజను ఎటో చిమ్ముతుంది. అందుకని మా మగ్గాల గుడ్డముక్కలతో చిన్న సంచులు కుట్టించి, కాయల గుత్తులకు కట్టి వెళ్లింది.

మా ఆడవాళ్లు ఆ సంచులు చూశారు. ముడుపులనుకున్నారు! "గంత చదివినామె ఊకెనే కడుతదా?" అంటూ ఆ సంచుల మీదే పసుపుగుడ్డలు చుట్టి, అక్షింతలు పెట్టి, మొక్కుకొని ముడులేశారు. సైంటిస్టమ్మ తిరిగొచ్చేసరికి పొదలన్నీ పచ్చగా మెరిసిపోతున్నాయి. రాయి మీద కూలబడి నవ్వింది, నవ్వింది. తరువాత కళ్లు తుడుచుకుంది.

"నవ్వొస్తాంది గని స్వామీ, గీ వారంలనే మిషనొస్తది. ముడులు విప్పకుంటే గుట్టతోనే గింజ పోతది. కోరిక తీరకముందు ముడుపు ఎట్ల విప్పమంట? నేనైతే ముట్ట."

నేను మైకు పట్టాను. త్యాగమన్నాను, దానమన్నాను, ఆకాశం అదిరేలా శ్లోకాలు చదివాను. ఒక్కతీ కదలలేదు.

"స్వామీ, నీ మైకుతోని మా కోడలు కడుపు పండుతదా?" అన్నది ఒకామె. మందిరమంతా గొల్లున నవ్వింది.

అప్పుడు మగ్గాలకు నూలు కండెలు చుట్టే అవ్వ లేచింది. "ఊకెనే విప్పద్దు, నిజమే. ఆడబిడ్డ ఒడి నింపెతందుకు విప్పితే ఏ దేవుడు కాదంటడు?"

ఒడిబియ్యమంటే, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగు నింపి అత్తగారింటికి సాగనంపడం. సైంటిస్టమ్మ కంగారు పడింది. "అవ్వా, నాకు పెండ్లే కాలే. అత్తగారిల్లు ఏడిది?"

"గుట్టలెంబడి తిరుగుడే గద నీ కాపురం! కొంగు పట్టు, బిడ్డా."

తెల్లారి అందరూ గుట్టెక్కారు. ఆమె బూట్లు విప్పి, బండ మీద కూర్చొని కొంగు చాచింది. ఒక్కొక్కరే ముడుపును కళ్లకద్దుకొని ముడి విప్పి, అక్షింతలతో పాటు నల్లని గింజలు ఒడిలో పోశారు. "పెద్ద చదువు నీది, దేవునికి జర గట్టిగ చెప్పు" అంటూ తమ కోరికలు ఆమె చెవిలో ఊదారు. పురుగుకు లొంగని కందిని పుట్టించాలని, ఆ గింజల మొక్కలను ఆమె శిష్యురాలు ఇప్పుడు పొలం కందితో సంకరం చేస్తోంది. గుట్ట సగమే మిగిలింది. నూగుకాయ వంశం మాత్రం నిలిచింది. శాస్త్రాలు చదివి సృష్టికి మొక్కడం నేర్చుకున్నాను. సృష్టిని దగ్గరగా చూడటం నేర్పింది ఆ తల్లే.

ఆ రోజు గుట్ట దిగాక జీపు డ్రైవరు డబ్బా మూత తీసి, "గింజలు ఇండ్ల పొయ్యిండ్రి మేడం" అన్నాడు.

"ఒడిబియ్యం ఎవరన్న డబ్బాల పోస్తరా? మెల్లగ నడుపు తమ్మీ" అన్నది.

కంకర దారిలో జీపు ఎగిరెగిరి పడుతోంది. టోపీ జారి కళ్ల మీదికి వచ్చింది. రెండు చేతులూ కొంగును వదలవు కదా! ఆ టోపీ కిందనే నవ్వుకుంటూ, ఒడిని పొట్టకు హత్తుకొని సాగిపోయింది మా ఆడబిడ్డ.