మస్తాన్ బాబాయ్ రాయని అర్జీ

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. మాడిన ఇస్త్రీ బట్టలాంటిది, కాస్త చేదు కలిసినది. పొద్దున్నే షట్టర్ ఎత్తి మొదటి కాపీ తీయగానే, ఆ వేడి కాగితం చేత్తో పట్టుకుని ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తాను. పంచలో బల్ల వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉంటాడని, "ఏందిరా, ఇయ్యాల ఎన్ని కోతలు కోశావు?" అని అడుగుతాడని. అక్కడ ఇప్పుడు పక్క కొట్టువాళ్ళ మోటార్ సైకిళ్ళు పెట్టుకుంటున్నారు.

ఆయన పేరు మస్తాన్ వలీ. గురజాలలో తాసిల్దారాఫీసుకి ఎదురుగా ఉన్న నా కొట్టు పంచలో అర్జీలు రాసేవాడు. నాకు చుట్టమేమీ కాదు, అయినా బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. పెళ్ళీ పెటాకులూ లేని నేను బేరాల్లేనప్పుడల్లా కంప్యూటర్ ముందు కూర్చుని బ్లాగు రాసుకునేవాణ్ణి. నడికుడిలో గుంటూరు రైలెక్కిన గేదె టీసీతో పోట్లాడి గెలిచిన కథ నాదే. మా మేనత్త కారం దంచితే కృష్ణ అవతల తెలంగాణ వాళ్ళు తుమ్మేవారని రాసిందీ నేనే. రెండోది చాలావరకు నిజం.

రాయడమైతే రాశాను గానీ చదివేవాళ్ళు నిలిచేవారు కాదు. ఎవరెంతసేపు చదివారో చూపించే లెక్కలు బ్లాగు వెనకాల ఉంటాయి. వాటిని చూస్తే నా పాఠకులు చెప్పులైనా విడవకుండా గుమ్మంలోంచే వెళ్ళిపోతున్నారని తెలిసేది. ఆ బాధ ఒకరోజు బాబాయ్ దగ్గర వెళ్ళగక్కుకున్నాను. చదివి వినిపించమన్నాడు. గేదె కథ మొదలుపెట్టాను. తూరుపు ఎర్రబడటం, పిట్టలు లేవడం, పొగమంచు విడిపోవడం అయ్యేసరికి ఆయన బీడీ కూడా అయిపోయింది.

"ఒరేయ్, తెల్లారటం అందరికీ తెల్లారుద్ది. గేదె ఏదిరా?" అన్నాడు.

అప్పుడు తన పని సంగతి చెప్పాడు. అర్జీ చదివే ఆఫీసరు దాన్ని నిలబడే అందుకుంటాడట. కన్ను అప్పుడే పక్క కాగితం మీదికి పోబోతుంటుందట. అది అటు పోకముందే ఒక మనిషిని ఆయన ఎదుట నిలబెట్టాలి. మనిషి కనబడితే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నేను పొగమంచును తీసేసి గేదెను మొదటి వాక్యంలోనే ప్లాట్‌ఫారం ఎక్కించాను. ఆ వారం చదివినవాళ్ళు చివరిదాకా ఉండటమే కాదు, గేదెకు టిక్కెట్టు పూర్తిగా కొట్టాలా సగమా అని కింద కామెంట్లలో తగువులాడుకున్నారు.

ఆయన పనిలో ఇంకొక పద్ధతి ఉండేది. దాన్ని రోజూ చూస్తూ కూడా నేను నేర్చుకోలేదు. అర్జీ రాశాక, వచ్చిన మనిషికి దాన్ని నెమ్మదిగా చదివి వినిపించేవాడు. విన్నవాళ్ళు "బాగుంది" అంటే మారుమాట్లాడకుండా చించేసి మళ్ళీ రాసేవాడు. "ఇది నాదే" అన్నాకనే వేలిముద్ర వేయించేవాడు. బాగుందన్నారంటే అది రాసినవాడిది అయిపోయినట్టేనని ఆయన లెక్క. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి. కాగితాలు నా కొట్టులోనే కొనేవాడు కాబట్టి నాకేమీ నష్టం లేదు.

ఒకసారి కంటి ఆపరేషన్‌కని ఆయన గుంటూరు వెళ్ళి నెలన్నర ఉండిపోయాడు. అప్పుడొచ్చింది సైదమ్మ. నాపరాళ్ళ క్వారీలో పనిచేసే మనిషి. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు చెడి మొగుడు పోయాడు. వితంతు పింఛను కాగితం ఎక్కడో ఆగిపోయింది. ఆమె చెప్పింది మొత్తం నాలుగు మాటలు. మొగుడు పోయాడు, నేను రాళ్ళు మోస్తున్నాను, మోకాళ్ళు పనిచేయటంలేదు, పింఛను ఇప్పించండి. నాలుగు మాటలకి ఎవరు కూర్చుంటారు? అప్పటికి జనాన్ని కూర్చోబెట్టడంలో నేను పండిపోయాననుకుంటున్న రోజులు. వానకి ఆమె ఇంటి కప్పు కూల్చేశాను. ఇద్దరు ఆడపిల్లల్ని పుట్టించాను. ముగ్గురినీ నడికుడి ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టాను.

చదివి వినిపిస్తే సైదమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "చానా బాగా రాశావయ్యా. కానీ నాకు ఆడపిల్లలు లేరుగా?" అంది.

"రాతలో ఉంటార్లే అక్కా," అన్నాను. వేలిముద్ర వేయించాను.

ఆఫీసునుంచి విచారణకి మనిషి వెళ్ళాడు. ఇంటి కప్పు నిక్షేపంగా ఉంది. పిల్లలు లేరు. అర్జీ మీద అబద్ధమని రాసి పక్కన పడేశారు. బాబాయ్ నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చిన రోజుకి సైదమ్మ పంచలో కూర్చుని ఉంది. నా దగ్గరున్న కాపీని ఆయన రెండుసార్లు చదివాడు. తెల్లకాగితం తీసుకుని ఆమె నాలుగు మాటలూ ఉన్నవున్నట్టు రాశాడు. ఆ కింద, ముందు అర్జీలో అబద్ధాలు కల్పించింది తానేననీ, ఆమె తప్పేమీ లేదనీ రాసి సంతకం పెట్టాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. నా పేరు పెట్టమన్నాను.

"నువ్వు రాశానంటే ఎవడు నమ్ముతాడ్రా, గేదెని రైలెక్కించినోడివి. నేను చెబితే నమ్ముతారు. ఆమె పని కావాల," అన్నాడు.

నమ్మారు. సైదమ్మకి పింఛను వచ్చింది. ఆ తర్వాత బాబాయ్ రాసిన ప్రతి అర్జీనీ ఆఫీసులో రెండోసారి తిప్పి చూడటం మొదలుపెట్టారు. ఆయన రాస్తే పని ఆలస్యమవుతుందని జనం వేరే చోటికి వెళ్ళారు. అయినా ఆయన రోజూ వచ్చి బల్ల తుడుచుకుని కూర్చునేవాడు. లోపల నేను, బయట ఆయన. మధ్యలో ఒక్క గుమ్మం. కథ చదవమని ఆయన మళ్ళీ అడగలేదు. చదువుతానని నేనూ అనలేకపోయాను. పన్నెండు అడుగుల కొట్టులో ఇద్దరు మనుషులు అంత దూరంగా ఉండవచ్చని అప్పుడే తెలిసింది.

పోయినేడు ఆయన చనిపోయాడు. అందరితోపాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. తిరిగొస్తుంటే వెనకనుంచి ఎవరో, మనిషి మంచోడే గానీ ఒకసారి పింఛనుకోసం దొంగ అర్జీ రాశాడని అన్నారు. నా చేతికి ఇంకా మట్టి ఉంది. నోరు తెరవలేదు. నా మాట నమ్మరని ఆయనే అన్నాడుగా అని సర్దిచెప్పుకున్నాను. అది సర్దుకోలేదు.

మొన్న ఆయన భార్య ఖాజాబీ పిన్ని దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపలేదు.

"నాకెందుకు చెబుతుండావు? ఆయన రాశాడని నేనెప్పుడన్నా నమ్మానా? నమ్మినోళ్ళకి చెప్పుకో పో," అంది.

నమ్మినవాళ్ళలో సగంమంది ఈ బ్లాగు చదువుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. దీన్ని మొదలుపెట్టి ఎన్నోసార్లు చెరిపాను. మొదటి వాక్యం ఎప్పుడొచ్చినా మీరు కదలకుండా కూర్చునేటట్టే వస్తోంది. అలా వచ్చినప్పుడల్లా నాకు సైదమ్మకి లేని ఆడపిల్లలు గుర్తొస్తున్నారు. రాయడం నేర్పిన మనిషి దగ్గర మంచి సగం వదిలేసి, పనికొచ్చే సగం ఎత్తుకొచ్చాను. దాన్నే ఇన్నేళ్ళూ మోస్తున్నాను.

ఆ దొంగ అర్జీ రాసింది మస్తాన్ వలీ కాదు. నేను. ఇది కూడా కోతే అనుకుంటే మీ తప్పు లేదు. సైదమ్మ బతికే ఉంది. క్వారీ దారిలో రెండో ఇల్లు. నన్ను అడగొద్దు, ఆమెని అడగండి.