బోణీకి అమ్మిన చాకు

2022 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను వెనక సందులో నా షాపు. తాళాలు, కత్తెరలు, చాకులు, చిన్న చిన్న పనిముట్లు అమ్ముతాను. ఒక ఉదయం అక్కడ ఒక చెడ్డ చాకును మంచిదని చెప్పి అమ్మాను. పొరపాటున జరిగింది కాదు. దానిలో లోపం ఉందని నాకు తెలుసు. కొన్న ఆవిడ ఆ లోపం గురించే అడిగింది కూడా. లేదని చెప్పాను.

ఈ వ్యాపారం తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. మడత చాకు అడిగేవాళ్లలో లారీ డ్రైవర్లు ఉంటారు, కేబుల్ పనివాళ్లు ఉంటారు, చైతన్యపురి హాస్టళ్లలో ఉండి పండ్లు కోసుకునే విద్యార్థులు ఉంటారు. ఎక్కువమంది రంగు, బరువు చూస్తారు. బ్లేడు నల్లగా ఉంటే గట్టిదనుకుంటారు. కానీ మడత చాకు మంచీ చెడూ తేలేది కీలు దగ్గర. తెరిచిన బ్లేడు దానంతట అది మడుచుకోకుండా ఆపేదాన్ని లాక్ అంటాం. మా దగ్గరికి రెండు రకాలు ఎక్కువగా వస్తాయి. లైనర్ లాక్‌లో పిడి లోపలి పల్చటి స్టీలు పట్టీ పక్కకు జరిగి బ్లేడు మొదలుకు అడ్డంగా నిలబడుతుంది. బ్యాక్ లాక్‌లో పిడి వీపున ఒక కడ్డీ ఉంటుంది, దాని కొన బ్లేడుకున్న గాటులో పడి పట్టుకుంటుంది. సరిగ్గా చేస్తే రెండూ మంచివే. చౌకరకం లైనర్ లాక్‌లో ఆ పట్టీ బ్లేడు అంచుకు మాత్రమే తగులుతుంది. చూడటానికి గట్టిగా నిలబడ్డట్టే ఉంటుంది. బ్లేడు వీపు మీద, అంటే పదును లేని వైపు, ఒక దెబ్బ పడితే జారిపోతుంది.

అప్పట్లో నా దగ్గర అలాంటి సరుకు ఉండేది. నల్ల బ్లేడు, నారింజ రంగు పిడి. కొన్న కేబుల్ పనాయన ఒకడు వాపసు తెచ్చి, "అన్నా, గిది మడుసుకుంటున్నదే" అన్నాడు. "నువ్వు దాంతోని సుత్తి పని చేసినవ్, నాకు తెల్వదా" అని నవ్వి పంపేశాను. అతను వెళ్లాక ఇంకో చాకు తెరిచి, వేళ్లు దూరంగా పెట్టి, దాని వీపును కౌంటర్ అంచుకు కొట్టి చూశాను. మడుచుకుంది. మిగతావి కూడా చూశాను. సగానికి సగం అంతే. నిలబడినవి తర్వాత అమ్ముడుపోయాయి. జారినవాటిని మళ్లీ అట్టపెట్టెలో పెట్టి పైఅరలోకి ఎక్కించాను. పారేయలేదు.

ఆ ఉదయం షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి గుచ్చుతుండగా ఒకావిడ వచ్చింది. పేరు సుభద్ర అని తర్వాత తెలిసింది. కోస్తా వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాళ్లు.

"మడిచే చాకు కావాలండీ. అందంగా ఉండక్కర్లేదు, అవసరానికి పనిచేస్తే చాలు."

"దేనికి మేడం? కూరగాయలకా?"

"నాది స్కూల్ వ్యానండీ. మొన్న ఒక పిల్లాడి బ్యాగు పట్టీ డోర్ సందులో ఇరుక్కుపోయింది. వాడు బయట, బ్యాగు లోపల. వెనక బస్సువాడు ఒకటే హారను. పళ్లతో కొరికానంటే నమ్ముతారా?"

"పట్టీ తెగిందా మరి?"

"పట్టీ తెగలేదు, నా పన్ను కదిలింది."

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఆవిడ అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. ఒక చేత్తో తెరుచుకుంటుందా? తడి చేతుల్లో జారదా? చివరికి, "వేళ్ల మీదికి మడుచుకోదు కదండీ?"

ఆవిడకు కావలసింది బ్యాక్ లాక్ చాకు. నా దగ్గర ఎప్పుడూ ఉండేదే, ఆ వారం అయిపోయింది. బేగంబజార్ నుంచి రెండు రోజుల్లో రావాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికింకా బోణీ కాలేదు. మా నాన్న పోచంపల్లి చీరల మూట భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాడు. పొద్దున్నే మొదట పిలిచిన ఇంట్లో చేతిరుమాలైనా అమ్మకుండా లేచేవాడు కాదు. ఆ పట్టింపు నాకూ వచ్చింది. మొదటి గిరాకీ ఉత్త చేతులతో పోతే ఆ పూటంతా నాకు మనసు కుదురుగా ఉండేది కాదు.

"మడుచుకోదు మేడం" అని పైఅరలోని పెట్టె దించాను. చాకు చేతికివ్వకూడదంటారు కాబట్టి కౌంటర్ గాజు మీద పెట్టాను. ఆవిడ తీసుకుని తెరిచింది, అటూ ఇటూ ఊపింది.

"ఇక్కడ కాస్త కదులుతోందేమిటండీ?"

"అది స్క్రూ మేడం. గిట్ల తెండి." స్క్రూడ్రైవర్‌తో కీలు దగ్గరి పివట్ స్క్రూ బిగించాను. ఊగడం ఆగింది. ఆ స్క్రూ బిగిస్తే బ్లేడు బిగుసుకుంటుంది గానీ లాక్ బాగుపడదు. మా వ్యాపారంలో అందరికీ తెలిసిన కిటుకే. కొనేవాళ్లకు తెలియదు.

"గ్యారంటీ ఏమైనా ఉందా?"

"చాకుకు గ్యారంటీ ఏముంటది మేడం. నా మాటే గ్యారంటీ."

"అయితే సరే" అని సంచిలో వేసుకుంది.

కొన్ని వారాల తర్వాత మధ్యాహ్నం ఆవిడ మళ్లీ వచ్చింది. కుడిచేయి మణికట్టు దాకా కట్టు, కింద బద్ద. ఎడమచేత్తో చాకు తీసి గాజు మీద పెట్టింది.

"ఇది ఇంకెవరికీ అమ్మకండి. అది చెబుదామనే వచ్చాను."

జరిగింది నిలబడే చెప్పింది. పిల్లల్ని దింపి కర్మన్‌ఘాట్ దారిన ఖాళీ వ్యానుతో వస్తోంది. వాన పడుతోంది. ముందు బైకు మీద వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ బండి చైనులో చుట్టుకుంది. నడుపుతున్న ఆమె అన్న బండి ఆపాడు గానీ చున్నీ అప్పటికే మెడకు బిగుసుకుంది. సుభద్ర గారు వ్యాను ఆపి పరుగెత్తారు. మెడకు దూరంగా, చక్రం దగ్గర చున్నీ కిందికి చాకు దూర్చి, పదును బయటికి పెట్టి కోశారు. తడిగుడ్డ ముప్పాతిక తెగి చివర ముడిపడింది. చాకును గుంజేసరికి దాని వీపు సైలెన్సర్ గొట్టానికి తగిలింది. లాక్ జారింది. బ్లేడు చూపుడువేలి మీదికి మడుచుకుంది.

"మళ్లీ తెరిచి మిగతాది కోశానండీ. అప్పుడు నొప్పి తెలియలేదు. ఆ అమ్మాయి బాగానే ఉంది, మెడ మీద వాత తేలింది, అంతే. నాకేమో వేలిని మడిచే టెండన్ తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. మూడు నెలలు స్టీరింగు పట్టుకోకూడదట."

"కత్తి అన్నంక జర జాగ్రత్తగ..." అని మొదలుపెట్టాను. గాజు మీదున్న చాకును ఆవిడ నావైపు జరిపింది.

"మేడం, అది జారుతదని నాకు ఎరుకనే" అన్నాను.

"ఏమిటీ?"

"మీకిచ్చే ముందే ఎరుక."

"మరి అదే కదండీ నేనడిగింది! అదే మాట అడిగాను కదా!"

"అడిగిన్రు."

"మంచిది లేదని చెబితే రెండు రోజులాగి వచ్చేదాన్ని. రోజూ ఈ దారినే పోతాను. ఎందుకిచ్చారు?"

"బోణీ మేడం. మీరే మొదటి గిరాకీ. ఉత్తగ పంపబుద్ధి కాలే."

ఆవిడ షాపు గోడలకు వేలాడుతున్న సామానంతా ఒకసారి చూసింది.

"బోణీయా! ఒక తాళం అమ్మాల్సిందండీ. కత్తెర అమ్మాల్సింది. గోళ్లు తీసుకునేది అమ్మాల్సింది. కొనేదాన్ని కదా!"



ఆవిడ భయం వేలి గురించి కాదు, వ్యాను గురించి. డ్రైవర్‌ను పెడితే నాలుగు రోజులు వచ్చి ఫోన్ ఎత్తడం మానేశాడట. భర్తకు డ్రైవింగ్ రాదు. "తల్లిదండ్రులు ఈ వారం చూస్తామన్నారు. పిల్లలు ఒకసారి వేరే వ్యానెక్కితే మళ్లీ నా దగ్గరికి రారండీ. ఎనిమిదేళ్లుగా కూడగట్టుకున్న లైను ఇది."

"నేను నడుపుత" అన్నాను.

"మీరా?"

"షాపు పెట్టకముందు ట్రాలీ ఆటో, ఆ తర్వాత వ్యాను నడిపిన. లైసెన్సు ఇంక నడుస్తనే ఉన్నది. చూడుండ్రి."

"చాకు బావుందన్న నోటితోనే చెబుతున్నారు. కాగితం వద్దు, నడిపి చూపించండి."

ఆ సాయంత్రమే ఖాళీ వ్యానులో పక్కన కూర్చుని ఎల్బీనగర్ దాకా తీసుకెళ్లింది. రెండుచోట్ల సడెన్ బ్రేక్ వేయమంది. ఒకచోట వెనక్కి తీయమంది. దిగాక, "హారను తక్కువ కొట్టండి, పిల్లలకు తలనొప్పి వస్తుంది" అంది. అదే ఒప్పుకోవడం అనుకున్నాను. మర్నాడు స్కూలు వాళ్లకు నా లైసెన్సు చూపించి మాట్లాడింది.

ఇంట్లో సరితకు, అంటే నా భార్యకు, అంతా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "నీ బోణీ పాడుగాను. పాపం, ఆమెకు చెయ్యి పాయె. పో, నడుపు. షాపు నేను తీస్త" అంది. ఆ రాత్రి భోజనం కంటే ముందు షాపుకు వెళ్లి పైఅరలోని పెట్టె దించి, మిగిలిన చాకులన్నీ బల్లకున్న వైస్‌లో బిగించి బ్లేళ్లు విరిచేశాను. కేబుల్ పనాయనను వెతికి, క్షమించమని అడిగి వేరే చాకు ఇచ్చాను. అంతకుముందు అమ్మినవి ఎవరెవరు కొన్నారో నాకు తెలియదు. ఇవాళ్టికీ ఆ చాకు ఒకటి ఎవరి సంచిలోనో ఉండే ఉంటుంది.

మొదటి వారం కష్టంగా గడిచింది. వనస్థలిపురంలో ఒక్కో గేటు దగ్గర తల్లులు నన్ను పైకీ కిందికీ చూసేవాళ్లు. సుభద్ర గారు పక్క సీట్లో కూర్చుని, "మా షాపు యాదగిరి గారండీ, మూడు నెలలే" అని చెప్పేవారు. "మా షాపు" అన్నప్పుడల్లా తల దించుకునేవాణ్ణి. ఇద్దరు పిల్లలు వేరే వ్యానుకు వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఉన్నారు.

"అంకుల్, మీరు ముందు లారీ నడిపేవారా?" అని వెనక నుంచి ఒక పాప అడిగింది.

"ఎందుకమ్మా?"

"స్పీడ్ బ్రేకర్ దగ్గర నా లంచ్ బాక్స్ మూత ఊడిపోయింది. పెరుగన్నం అంతా లెక్కల పుస్తకం మీద."

వ్యాను నిండా నవ్వులు. సుభద్ర గారు కూడా నవ్వారు. ఆవిడ అలా కూర్చునే ఫిజియోథెరపీ వాళ్లు చెప్పినట్టు వేలిని కొంచెం కొంచెం వంచేది. కొన్నిసార్లు కళ్ల వెంట నీళ్లు వచ్చేవి. అప్పుడు కిటికీ వైపు తిరిగేది. నేను రోడ్డు చూసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే షాపులో పద్ధతి మార్చాను. ఇప్పుడు ఎవరైనా అత్యవసరానికి మడత చాకు అడిగితే, ముందు ఏం కోయాలో అడుగుతాను. సీటు బెల్టు, బ్యాగు పట్టీ లాంటివైతే చాకు కంటే బెల్ట్ కట్టర్ మేలు. అది కొక్కెంలా ఉంటుంది, పదును లోపలి వైపు, మనిషికి తగలదు. చాకే కావాలంటే మొన మొండిగా ఉన్నది చూపిస్తాను, మెడ దగ్గరో చేయి దగ్గరో వాడాల్సి వస్తే గుచ్చుకోదు. బ్లేడు చూపుడువేలంత ఉంటే చాలు. స్టెయిన్‌లెస్ అయితే వానకు తుప్పు తొందరగా పట్టదు. పిడి గరుకుగా ఉండాలి. కొనేవాళ్ల ముందే, వేళ్లు మడత దారికి దూరంగా పెట్టి, బ్లేడు వీపును చెక్కముక్క మీద తడతాను. తర్వాత వాళ్ల చేత తట్టిస్తాను. నిలబడితే అమ్ముతాను. ఇవన్నీ ఉన్న చాకుకు పెద్ద పేరు ఉండక్కర్లేదు, పెద్ద ధర కూడా అక్కర్లేదు. అమ్మేవాడు తట్టి చూడనివ్వకపోతే మాత్రం కొనకండి.

ఇదంతా నాకు ముందే తెలుసు. నాకు లేనిది తెలివి కాదు. ఒక మనిషి నమ్మి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యం.

దసరా సెలవుల తర్వాత డాక్టర్ నడపొచ్చన్నాడు. ఆవిడ వేలు పూర్తిగా వంగదు, ఇక వంగదట కూడా. వ్యాను నడపడానికి ముందురోజు, "చాకు తెచ్చారా?" అంది. అడుగుతుందని నేననుకోలేదు. షాపుకు వెళ్లి రెండు బ్యాక్ లాక్ చాకులు, ఒక బెల్ట్ కట్టర్ తెచ్చాను. రెండు చాకులనూ నేను ముందే చూశాను. అయినా ఆవిడ ఎడమచేత్తో ఒక్కొక్కటి తెరిచి, వీపు వైపు స్టీరింగుకేసి తట్టింది. ఒకటి గట్టిగా నిలబడింది. రెండోది కూడా నిలబడింది, కానీ ఎందుకో పక్కన పెట్టేసింది. మొదటిదాన్నీ బెల్ట్ కట్టర్‌నూ డ్యాష్‌బోర్డులో పెట్టుకుంది.

మర్నాడు ఉదయం స్టీరింగు ముందు కూర్చుని గేరు వేసింది. గేరు వేసినంతసేపూ బండి కుడిచేతి మీదే ఉంటుంది. నాలుగు వేళ్లతో పట్టుకుని, చూపుడువేలు మాత్రం నిటారుగా బయటికి పెట్టి తిప్పింది. వనస్థలిపురం నుంచి స్కూలు దాకా అలాగే నడిపింది. గేటు దగ్గర ఆపి, నుదుటి మీద చెమట తుడుచుకుని, "ఉదయం ట్రిప్పు నేను చేసుకోగలనండీ" అంది.

మధ్యాహ్నానికి ఆ చేయి వాచేది. అందుకని మధ్యాహ్నం ట్రిప్పు సంక్రాంతి సెలవుల దాకా నేనే నడిపాను.