మేతబండిని చూసి పారిపోవాలి

మా వీధి చివర డెయిరీ పెట్టిన అబ్బాయి పొద్దున్నే లూసర్న్ గడ్డి మోపులు దించుతాడు. కోసిన పచ్చగడ్డి వాసన వాకిట్లోకి వచ్చేసరికి నా చేతిలో టీ చల్లారిపోతుంది. జగిత్యాలలో కూర్చున్న మనిషికి ఆ వాసనతో బర్రెలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఒమన్ నడిమధ్యలో, చెట్టు కూడా మొహమాటపడుతూ మొలిచే ఒక గులకరాళ్ల ఎడారి గుర్తుకొస్తుంది. దాంతోపాటు సులేమాన్ సాబ్ గుర్తుకొస్తారు. ఆయన సంగతులు చెప్పీ చెప్పీ ఇంట్లోవాళ్లకు విసుగు తెప్పించాను కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

ఎనభైల చివర్లో నేను మస్కట్ శివారు ఘాలాలోని ఒక కంపెనీలో లారీ డ్రైవర్ని. సముద్రతీరాన ఖబూరా వైపు తోటల్లో గడ్డి ఎత్తుకుని, రోజంతా నడిపి, ఎడారిలోని క్యాంపులో దించి రావడం నా డ్యూటీ. ఆ క్యాంపులో ఓరిక్స్ అనే జింకజాతి జంతువుల్ని సాకేవారు. తెల్లటి ఒళ్లు, నల్లటి కాళ్లు, నిటారుగా పొడవాటి కొమ్ములు. ఒకప్పుడు ఆ ఎడారి వాటిదే. వేటగాళ్లు ఒక్కటి మిగలకుండా చంపేశాక, విదేశాల జంతుశాలల్లో బతికున్నవాటి సంతానాన్ని విమానాల్లో తెచ్చి, కంచెలో కొన్నాళ్లు ఉంచి, మళ్లీ బయటికి వదిలే పని అక్కడ జరుగుతుండేది. కొంతకాలానికి కంపెనీ నన్ను క్యాంపులోనే ఉంచేసింది. కరెంటు జనరేటర్ దయ, నీళ్లు ట్యాంకర్ దయ. జీతం మాత్రం ఘాలాలో ఇచ్చినంతే.

సులేమాన్ సాబ్ ఆ క్యాంపుకు పెద్ద. ఒమానీయే గానీ పుట్టింది జాంజిబార్‌లో. కుర్రతనంలో ఆఫ్రికాలో ఒక అభయారణ్యంలో పనిచేసి, ఆ తర్వాత తాతల దేశానికి తిరిగొచ్చిన మనిషి. చిన్నప్పుడు మన గుజరాత్ నుంచి వెళ్లిన కచ్ఛీ వ్యాపారుల కొట్ల ముందు ఆడుకుంటూ హిందీ నేర్చుకున్నారట. మా మాటలన్నీ అందులోనే సాగేవి. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"నీకు జంతువులంటే ఇష్టమా?"

"మా ఇంట్ల ఎడ్లు ఉండె సాబ్."

"అయితే జాగ్రత్త. ఎద్దును నీ కోసం పెంచుకుంటావు. వీటిని మనకు దక్కకుండా పోవడానికి పెంచుతాం."

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. జంతువుకు ఎవరూ పేరు పెట్టకూడదు. మా వంటమనిషి మస్తాన్ భాయ్‌ది కడప. కంచెలో ఒక ఆడ ఓరిక్స్‌కి సుల్తానా అని పేరు పెట్టి, పిండి ఉంటే ఇంత పెట్టేవాడు. సాబ్ చూశారు. కోప్పడలేదు. "పేరు పెడితే పిలవాలనిపిస్తుంది. పిలిస్తే వస్తుంది. అది రాకూడదు మస్తాన్" అన్నారు. ఆయన అటు పోగానే మస్తాన్ భాయ్ నా దగ్గర వాపోయాడు. "ఏం మనిషప్పా ఈయన! మా ఊర్లో మ్యాకకు గూడా పేరుంటాది."

గేటు తీసి ఒక మందను వదిలిన రోజు నాకు బాగా గుర్తుంది. సముద్రం మీది నుంచి మంచు కమ్ముకొచ్చి, గులకరాళ్లన్నీ తడిసి ఉన్నాయి. జంతువులు గేటు దాటి కాసేపు తికమకపడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే తల వంచి రాళ్ల మీది తడిని నాకడం మొదలుపెట్టాయి. వాటికి ఎవరూ నేర్పలేదు. సాబ్ నా భుజం పట్టుకుని నిలబడ్డారు. ఆ మనిషి అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆఫ్రికా గురించి చెప్పారు. తాను పనికి చేరినప్పుడు అక్కడి మైదానంలో జంతువుల మందలు దాటేదాకా జీపు ఆపుకోవలసి వచ్చేదట. తుపాకులు వచ్చాక కళ్ల ముందే ఖాళీ అయిందట. "అక్కడ గడ్డి ఉంది, వాగులున్నాయి. ఏమీ లేని ఈ రాళ్లలో చేయగలిగితే అక్కడెందుకు చేయలేం? అక్కడి అటవీ అధికారుల్ని ఇక్కడికి రప్పిస్తాను. చూసి నేర్చుకుంటారు" అన్నారు. ఓరిక్స్ బతకడం ఒమన్‌కు ఎంత ముఖ్యమో, ఆ మైదానం మళ్లీ నిండడం ఆయనకు అంతకన్నా ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. వదిలిన మందలు ఎముకల గూళ్లయ్యాయి. పేరు కూడా పెట్టొద్దన్న పెద్దమనిషి నన్ను పిలిచి, లారీలో గడ్డి వేసుకుని వాటి దగ్గరికే వెళ్లమన్నారు. చెప్పేవి శ్రీరంగ నీతులు అనుకున్నాను గానీ, నాకూ లోపల సంతోషంగానే ఉంది. వెళ్లి హారన్ కొట్టేవాణ్ణి. ఎక్కడెక్కడివో తలలెత్తి చూసి బండి వైపు నడిచి వచ్చేవి. సాబ్ నా పక్కన కూర్చుని, అవి తింటుంటే, కూతురింటికి వచ్చిన తండ్రిలా చూసేవారు. వానలు పడ్డాక కూడా కొన్నాళ్లు మానలేదు. "ఈ ఒక్క నెల" అనేవారు. ఆ నెల సాగుతూ పోయింది.

తొంభైల నడుమ దొంగలు వచ్చారు. చంపడానికి కాదు, ప్రాణాలతో పట్టుకుపోవడానికి. ఓరిక్స్ పిల్లల్నీ ఆడవాటినీ పికప్‌లలో కట్టేసి సరిహద్దు దాటించి, డబ్బున్నవాళ్ల తోటలకు అమ్మేవారు. దారిలో ఎండకూ భయానికీ సగం చచ్చేవి. మా గార్డులు ఒక ఉదయం మమ్మల్ని ఒకచోటికి తీసుకెళ్లారు. నేల మీద టైరు గుర్తులు, పక్కనే గిట్టల గుర్తులు. వాళ్లలో బదూ అనే ఎడారి తెగకు చెందిన ముసలి గార్డు చాలాసేపు చూసి, అరబిక్‌లో ఏదో అని తల దించుకున్నాడు. సాబ్ నాకు హిందీలో చెప్పారు.

"ఇవి పరుగెత్తలేదట. బండి వైపు నడిచి వచ్చాయట."

క్యాంపుకు వచ్చాక ఆయన భోజనం ముట్టుకోలేదు. మస్తాన్ భాయ్ గిన్నె వెనక్కి తీసుకుపోతూ, "ఆకలికి బువ్వ పెట్టడం గూడా తప్పయిపాయనే" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బయట దాదాపు ఏమీ మిగల్లేదు. మిగిలిన కొన్నింటిని పట్టి మళ్లీ కంచెలోకి తెచ్చారు. సరిగ్గా అప్పుడే, సాబ్ ఎన్నాళ్లుగానో పిలుస్తున్న ఆఫ్రికా అటవీ అధికారులు వచ్చారు. ఒక మగమనిషి, ఒక ఆవిడ. మస్కట్ ఆఫీసు నుంచి ముందే కబురు వచ్చింది, కంచెలో ఉన్నవి చూపించి, మంచి భోజనం పెట్టి పంపించేయండని. సాబ్ వాళ్లను నా బండిలో ఎక్కించుకుని బయటి మైదానానికి పోనిమ్మన్నారు. పొద్దంతా తిప్పాను. ఒక్క జంతువు కనబడలేదు. చివరికి ఆవిడ అడిగింది. స్వాహిలీ భాషలో సాగిన ఆ మాటల్ని సాబ్ తర్వాత నాకు చెప్పారు.

"మీరు వదిలినవి ఎక్కడ?"

"లేవు. అది చూపించడానికే తీసుకొచ్చాను."

"అయితే మమ్మల్ని మొదలుపెట్టొద్దంటారా?"

"మొదలుపెట్టండి. జంతువు తిరిగి వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ కరువులో మేతబండి పంపాలనిపిస్తుంది. పంపితే, వాన పడ్డ రోజున అదే బండితో వాటిని తరమండి. నేను మొదటిది చేశాను, రెండోది చేయలేకపోయాను."

వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు నన్ను కంచెలోకి బండి తెమ్మన్నారు. అక్కడ పుట్టిన ఒక పిల్ల ఉండేది. బండి ఆగితే చాలు, వచ్చి డోరు నాకేది.

"హారన్ కొడుతూ దాని మీదికి పోనివ్వు" అన్నారు.

"చిన్నది సాబ్, పాపం గదా."

"పట్టుకుపోయేవాడు పాపమని వదలడు. పోనివ్వు."

పోనిచ్చాను. అది ఆట అనుకుని ఎదురొచ్చింది. బ్రేకు వేసి, డోరు మీద బాది, గొంతు పగిలేలా అరిచాను. అప్పుడు బెదిరి పరుగెత్తి, దూరంగా నిలబడి నా వైపే చూసింది. పక్కకు చూస్తే సాబ్ కళ్లు తుడుచుకుంటున్నారు. "మళ్లీ" అన్నారు. అలా చాలా రోజులు చేశాం. చివరికి బండి చప్పుడు వింటేనే ఆ పిల్ల కంచె అవతలి కొసకు పారిపోయేది. ఆయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

తర్వాత ఆయన ఆఫ్రికా వెళ్లారని విన్నాను. ఆ మైదానం నిండిందో లేదో నాకు తెలియదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసేది. రూమ్ మారాలా, ఆఫీసులో పైఅధికారితో గొడవైతే ఏమనాలి, అన్నీ నన్నే చెప్పమనేది. "నువ్వే తేల్చుకో బిడ్డా" అని పెట్టేసేవాణ్ణి. ఇప్పటికీ అంతే. నా భార్య పక్కన నిలబడి వింటుంది. "నీది గుండె గాదు, బండరాయి" అంటుంది. రాయైతే బాగుండేది. బెదిరి పరుగెత్తి, దూరంగా నిలబడి నా వైపే చూసిన ఆ ఓరిక్స్ పిల్ల గుర్తుకొస్తుంది. అయినా ఫోన్ పెట్టేస్తాను.