అడ్డంగా తొడిగిన అంగీ

అంగీ తొడిగే ముందు గోబేర్ దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని పావు వంతు తిప్పేవాడు. భుజాల మీద ఉండవలసిన పొట్టి రెక్కలు రొమ్ము మీదికీ వీపు మీదికీ వచ్చేవి. పొడుగు పలకలు చేతుల మీద వేలాడేవి. ప్రభువు తరఫున చాటింపు వేసే హెరాల్డుల్లో చిన్నవాడు అంగీని అలా అడ్డంగానే తొడగాలి. పెద్ద హెరాల్డు అయిననాడు ప్రభువు అతని నెత్తిన ద్రాక్షసారా పోసి, కొత్త పేరు పెట్టి, అంగీని నిలువుకు తిప్పుతాడు. గోబేర్ ఇరవై రెండేళ్లుగా పావు వంతు తిప్పుతూనే ఉన్నాడు.

ఎనో సీమ సంతల్లో చేపలమ్మే ఆడవాళ్లు అతనికి పీతయ్య అని పేరు పెట్టారు.

"పీతయ్యా, ఇవాళ ఎటు పక్కకి నడక?"

"నా దారి నాకు తెలుసమ్మా. నీ చేపలకే తెలీదు, నీళ్లు వదిలి ఎన్నాళ్లయిందో."

అతను జీనులకు రంగులు వేసేవాడి కొడుకు. ఎనిమిది వందల డాళ్ల గుర్తులు కంఠతా వచ్చు. ప్రభువు మాటను శత్రువు గుడారానికి మోసుకెళ్లడం, ఈటెల పందేల్లో దొరల పేర్లు చాటడం అతని పని. యుద్ధం ముగిశాక శవాల మధ్య నడిచి, ఎవరు ఎవరో చెప్పడం కూడా. గదలు చితక్కొట్టిన, గుర్రాలు తొక్కిన ముఖాలను కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అంగీ మీది గుర్తే పేరు చెప్పాలి.

ఆ శరత్తులో ఏటి ఒడ్డున యుద్ధం జరిగింది. అది ముగిశాక శవాల మధ్య గోబేర్ ముందు నడిచాడు, పేర్లు రాసుకునే రాయసగాడు వెనక నడిచాడు. విల్లో చెట్ల కాలువలో ఒక శవం, ఒంటి మీద పసుపు అంగీ, దాని మీద మూడు ఎర్ర డేగలు.

"ఆంసో దొర" అన్నాడు గోబేర్. ఆ దొర ప్రభువు మేనల్లుడు. రాయసగాడు పద్నాలుగో పేరుగా రాసుకున్నాడు.

ఎల్లుండి ఉదయం చర్చిలో ఆ జాబితా గోబేరే చదవాలి. చదవడం కాగానే అతని నెత్తిన ద్రాక్షసారా పోస్తానని ప్రభువు మాట ఇచ్చాడు.

మరునాటి మధ్యాహ్నం అతను చర్చి మెట్ల మీద రొట్టె, ఉల్లిపాయ తింటున్నాడు. శవాలు కడిగే ఇజాబో మోచేతుల దాకా తడితో వచ్చి ఎదురుగా నిలబడింది.

"అయ్యా, మీరు ఆంసో దొర అన్న మనిషిని ఇప్పుడే కడిగాను."

"దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి."

"చూస్తాళ్లెండి. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. అవి కొరికిన గుర్రం ప్రభువుగారి సాలలోనే ఉంది, పోయి అడగండి."

గోబేర్ నమలడం ఆపాడు.

"ఆ గుర్రాల కాపరి కొలార్ నా మొగుడు. ఆ అంగీ అతని ఒంటి మీదికెలా వచ్చిందో నాకు తెలీదు. రేపు దొర పేరున గంట కొడతారు, మా వాడి పేరున ఎవరూ కొట్టరు. మీరు అంగీ చూశారు. చెయ్యి చూడలేదు."

అతను లేచి లోపలికి వెళ్లి చూశాడు. వేళ్లు పోయిన చోట చర్మం ఎన్నడో మానిపోయి ఉంది. వసంతంలో జరిగిన పందెంలో ఆంసో దొర ఈటె పట్టిన పది వేళ్లనూ అతను కళ్లారా చూశాడు.

పెద్ద హెరాల్డు టియెరీ తన గదిలో రేపు ద్రాక్షసారా పోయడానికి వెండి గిన్నె తుడుస్తున్నాడు. అంతా విన్నాడు.

"అంగీ పడ్డచోట దొర పడ్డట్టే. ఇది మన పద్ధతి."

"చూసింది చూసినట్టు చెబుతామన్న ఒట్టు కూడా మన పద్ధతే అన్నా."

"అంగీ చూశావు, చెప్పావు. అయిపోయింది."

"ఇప్పుడు చెయ్యి చూశాను."

"ఒరేయ్ పీతా! అంటే దొర తన అంగీ కాపరికి తొడిగి పారిపోయాడనేగా? ఆ మాట విన్నాక ప్రభువు నీ నెత్తిన ద్రాక్షసారా పోస్తాడా? కుండెడు కుడితి పోయిస్తాడు."

"పారిపోయాడని నేననను. అది నేను చూళ్లేదు."

"నీకు యాభై దాటాయి. ఇంకోసారి రాదురా ఇది."

"తెలుసన్నా."

టియెరీ గిన్నె కింద పెట్టాడు.

"నిలువుగా తొడిగితే పడుతుందో లేదోనని నీ అంగీ మెడ వదులు చేయించాను" అన్నాడు.

"మళ్లీ బిగించెయ్యి."

మరునాడు ఉదయం గోబేర్ అంగీని ఎత్తిపట్టుకున్నాడు. పావు వంతు తిప్పాడు. తొడిగాడు.

చర్చిలో పదమూడు పేర్లు ఒకే గొంతుతో చదివాడు. పద్నాలుగో దగ్గర కాగితం దించి, ప్రభువు ముఖంలోకి చూశాడు.

"మూడు డేగల అంగీలో చనిపోయినవాడు గుర్రాల కాపరి కొలార్. దొర అని తప్పు చెప్పింది నేనే."

ప్రభువు లేచి వెళ్లిపోయాడు. వెండి గిన్నె నిండుగానే ఉండిపోయింది. గోబేర్ మిగతా పేర్లూ చదివాడు, చివరి దాకా.

తర్వాత కొలార్‌ను ఇద్దరు మోసుకెళ్లారు. ఇజాబో వెనక నడిచింది. దొరల పాడె ముందు తప్ప హెరాల్డు నడవడు. గోబేర్ వెళ్లి ఆ పాడె ముందు నిలబడ్డాడు. రొమ్ము మీది రెక్కను చేత్తో సవరించుకుని, కాపరి పేరు బిగ్గరగా చాటుతూ శ్మశానం దాకా నడిచాడు.