మా ఆఫీసు చరిత్ర, జానెడు తేడాతో

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. లా పట్టా చేతికొచ్చి, నల్లకోటు కుట్టించుకుని, ఏలూరులో మావాళ్ళ ఆఫీసులో కూర్చున్న మొదటి ఏడాది నా ధీమా అలాంటిది మరి. తాతగారు మొదలుపెట్టిన ఆఫీసు అది. ఆయన తర్వాత నాన్నగారు, ఆ తర్వాత నేను. (మధ్యలో మా బాబాయి కూడా రెండేళ్ళు కోటు వేసుకున్నాడు గానీ, పెదవేగిలో పామాయిల్ తోట వేశాక, చెట్లయితే ఎదురు వాదించవని అక్కడే స్థిరపడిపోయాడు.) ఆఫీసుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయని నాన్నగారు వేడుక తలపెట్టి, "చరిత్ర పుస్తకం వేద్దామమ్మా, రాయగలిగింది నువ్వే" అన్నారు. ఎంత పొంగిపోయానో! చేతిలో ఒక్క కేసు కూడా లేనిదాన్ని ఆఫీసు మొత్తంలో నేనొక్కదాన్నేనని అప్పుడు తట్టలేదు.

తాతగారు అప్పటికే పోయారు. ఆయన మొదటి కేసు గురించి నాన్నగారు చెప్పింది ఒక్క ముక్క: "తాడేపల్లిగూడెం కోర్టులో. పెంటపాడు ఆవిడది. కొబ్బరిచెట్టు తగాదా." అంతే, కాఫీ చల్లారిపోతోందంటూ లేచి వెళ్ళిపోయారు. తాతగారి కాలం నుంచీ ఉన్న గుమాస్తాగారు మాత్రం, "అమ్మాయిగారూ, పాత కాగితాలు అటక మీద ఉన్నాయండి, ఒకసారి చూసి రాస్తే బాగుంటుందేమోనండి" అని రెండుసార్లు గొణిగారు. అటకంటే దుమ్ము. నాకేమో కలం ఉరకలేస్తోంది. "యువ న్యాయవాది గర్జనకు కోర్టు హాలు దద్దరిల్లింది. ప్రత్యర్థి తల దించుకున్నాడు. కొబ్బరిచెట్టు తన అసలు యజమానురాలి ఒడికి చేరింది" అని రాశాను. (కొబ్బరిచెట్టు ఒకరి ఒడికి ఎలా చేరుతుందో ఇప్పటికీ చెప్పలేను.) నాన్నగారు ఆ పేజీ చదివి, దగ్గి, "భాష కొంచెం తగ్గించొచ్చేమో" అన్నారు. నేను తగ్గించలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పెంటపాడు ఆవిడ ఇంకా ఉన్నారని గుమాస్తాగారి నోట విన్నాను. నాన్నగారికి చెప్పకుండా ఆవిణ్ణి తీసుకొచ్చి సన్మానం చేయిస్తే ఎంత గొప్పగా ఉంటుంది! గూడెం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఎనభైకి దగ్గర పడిన మనిషి, వరండాలో కూర్చుని గోంగూర వలుస్తున్నారు. గుమాస్తాగారు ఆవిణ్ణి కొబ్బరిచెట్టు మామ్మ అన్నారు కాబట్టి నేనూ అదే వరసలో, "మీరు స్టేజి మీద కూర్చుంటే చాలు మామ్మగారూ" అన్నాను. "కూర్చోడానికేం తల్లీ, మాట్లాడమన్నా మాట్లాడతాను. చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటుందిగా" అన్నారు. నేను మురిసిపోయాను.

వేడుక రోజు హాలు నిండిపోయింది. రిటైరైన జడ్జిగారొకరు అధ్యక్షులు. కొల్లేటి లంకల నుంచి వచ్చిన ఓ పెద్దాయన బకెట్లో బతికున్న కొర్రమీనులు తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. మా ఆఫీసంటే బొత్తిగా గిట్టని సీనియర్ లాయరుగారు ముందు వరసలో సెల్‌ఫోను పట్టుకుని కూర్చున్నారు. నేను కోటు సవరించుకుని, మొదటి కేసు పేజీని ఎంత గర్జించాలో అంతా గర్జించి చదివాను. చప్పట్లు. ఆ వెంటనే మామ్మను స్టేజి మీదకు పిలిచాను. నాన్నగారి ముఖంలో రంగు మారింది. ఆనందమనుకున్నాను.

మామ్మ మైకు అందుకుని, నా వైపు ఎంతో ప్రేమగా చూశారు. "బాగా చదివావమ్మా. కానీ ఆ కేసు మనం ఓడిపోయాం కదా!"

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో సెల్‌ఫోను పైకి లేచింది. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. మామ్మ ఆగలేదు. "వాయిదాకి ముందు రోజు మీ తాతగారు మా చేలోకొచ్చి, పంచె ఎగ్గట్టి, తాడు పట్టి కొలిచారండీ. కోర్టులో జడ్జిగారు, చెట్టు ఎటువైపుందయ్యా, స్వయంగా చూశావా అనడిగితే, చూశానండీ, జానెడు అవతలివాళ్ళ హద్దులోనే ఉందండీ అనేశారు. నేను నెత్తి కొట్టుకున్నాను. చెట్టు మా మరిదికి పోయింది."

నాన్నగారు కింద నుంచి నాకు సైగ చేస్తున్నారు, మైకు తీసుకోమని. సాక్షిని ఎప్పుడూ జవాబు తెలియని ప్రశ్న అడగొద్దని ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. అయినా అడిగేశాను. "తర్వాత ఏమైంది మామ్మగారూ?"

"ఏమవుతుందమ్మా, వారం తిరక్కుండా మా మరిది మీ తాతగార్ని వెతుక్కుంటూ ఏలూరొచ్చాడు. తన పక్షం కోసమైనా అబద్ధం ఆడని ప్లీడరు ఆయనొక్కడే, ఇక నా కాగితాలన్నీ ఆయనకే అన్నాడు. వాణ్ణి చూసి ఊళ్ళో సగం మంది వచ్చారు."

"మరి మీరు?"

"నేనెక్కడికి పోతాను? కాకపోతే ఆ తర్వాత నుంచి, కేసు వేసేముందు ఆయనతో కొలిపించుకునేదాన్ని."

ఈసారి నవ్వు వేరేగా ఉంది. జడ్జిగారు చప్పట్లు కొట్టారు. నాకు కొండంత బలమొచ్చింది. "పుస్తకంలో ఈ సవరణను అనుమతించవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అన్నాను. "అనుమతించడమైనది" అన్నారాయన గంభీరంగా. సీనియర్ లాయరుగారు సెల్‌ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

సాయంత్రం నాన్నగారు ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ ఆఫీసుకెళ్ళాను. ఆయన పుస్తకాల కట్టలు విప్పుకుని, జిగురుసీసా పక్కన పెట్టుకుని, సవరణ కాగితాలు అతికిస్తున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఇంకో కాగితానికి జిగురు రాస్తూ అన్నారు: "నాకు తెలుసమ్మా. నేను కోటు వేసుకున్న మొదటి రోజే మా నాన్నగారు చెప్పారు. ఓడిపోయిన సంగతి పదిమందిలో ఎందుకని నేనే దాచాను. ఆయనకు మాత్రం ఎప్పుడూ సిగ్గనిపించలేదు."

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కేసు తీసుకునేముందు పదిసార్లు ఆలోచిస్తాను, ప్రతి కాగితం రెండుసార్లు చదువుతాను, జవాబు తెలియని ప్రశ్న చచ్చినా అడగను. అందరూ జాగ్రత్తపరురాలంటారు. నిజమే. కానీ అప్పుడప్పుడు, కోర్టులో లేచి నిలబడే ముందు, నాన్నగారు సైగ చేస్తున్నా స్టేజి మీద ఆ ప్రశ్న అడిగేసిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తుంది. దానికి ఏమీ తెలీదు పాపం. అయినా కాస్త దాని ధైర్యం అప్పిస్తే బాగుండుననిపిస్తుంది.