అవ్వకిచ్చిన ఫ్యాను

మా పక్కింటి అవ్వ మొన్న మంగళవారం పొద్దుగాల పోయింది. నాకు రాసే అలవాటు లేదు. ఒక్క మాట చెప్పాల్సిన చోట చెప్పలేకపోయిన, అందుకే రాస్తున్న.

ఎల్లారెడ్డిల మా రెండిండ్లకు నడుమ ఒకటే గోడ. అవ్వకు ఎవ్వరు లేరు. నాట్లకు, కలుపుకు పోయి బతికింది. నడుము వంగినంక తెల్లకార్డు బియ్యమే ఆధారం. అయినా ఎవరు గడప తొక్కినా "కూసో బిడ్డా, చాయ్ తాగి పో" అనకుండ పంపకపోయేది. చాయపత్త మా ఇంట్లకెల్లి పోయేది, అది వేరే సంగతి.

ఒక ఏడు కార్డుల రూలు మారింది. ఇంట్ల సామాను చూసి కార్డు రాస్తరట. ఎంక్వైరీ సారు వస్తున్నడని అవ్వ మా వాకిట్లకొచ్చింది.

"కొడుకా, మీ ఇనుప కుర్చీ, టేబుల్ ఫ్యాను ఇయ్యి. పాపం సారు ఎండల పడి వస్తడు."

ఇచ్చిన. ఆమె ఇంట్ల ఉన్నది ఒక్కటే బల్బు. అది తీసి, ఆ హోల్డరుకే ఫ్యాను తగిలించిన. సామాను చూసే సారు ముందట సామాను పెడుతున్నమని నాకు తట్టలే.

సారు అంగీ గుండీ తీసి గాలికి కూసున్నడు. చాయ్ తాగిండు.

"ఫ్యాను, కుర్చీ... మంచిగనే ఉన్నవ్ గద అవ్వా!"

"మీ దయ సారూ. మాకేం తక్కువ!" అని నవ్వింది.

ఆయన రాసుకున్నడు. ఫ్యాను నాదని నోటిదాక వచ్చింది. పరాయి మనిషి ముందు అవ్వ చిన్నబోతదని ఊకున్న.

నెలకు గులాబి కార్డొచ్చింది. దాని మీద బియ్యం రావు. చక్కెర, గాసునూనె, అంతే.

"గట్లెందుకన్నవ్ అవ్వా?" అని అడిగిన.

"భూమున్నదా అంటే లేదన్న. సంపాదనున్నదా అంటే లేదన్న. ఒక్కపారన్న ఉన్నదని చెప్పబుద్ధయింది కొడుకా."

మండలాఫీసుకు పోయినం. ఫ్యాను నాదని అప్పుడు చెప్పిన. లిస్టు కామారెడ్డికి పోయిందన్నరు. కామారెడ్డి బస్సెక్కినం. మళ్ల రూలు మారినప్పుడు చూస్తమన్నరు. వచ్చేటప్పుడు అవ్వ, "కిటికీ కాడ గాలి మంచిగున్నది, నువ్వు కూసో" అని నాకే జాగిచ్చింది.

మేం పెట్టిన అన్నం సగమే తినేది. "మీ ఇంట్ల పిల్లలున్నరు" అని గిన్నె తిరిగి పంపేది. మళ్ల ఏ సారూ రాలే.

మంగళవారం ఎండ మండుతుండె. చూడొచ్చినోళ్లకు మా కుర్చీ ఏసిన. బల్బు తీసి, అవ్వ తలాపున ఫ్యాను పెట్టిన. ఎవరిదని అడిగితే ఈసారి చెప్పాలని పక్కనే నిలబడ్డ.

ఎవ్వరు అడుగలే. అవ్వ చీరె కొంగు గాలికి లేస్తుండె, పడుతుండె.