పటం వెనక కాగితం

మా ఇంటి ఓనరుగారికి మేకులంటే పడదు. బందరు పరాసుపేటలో మేం ఆయన పైవాటాలోకి దిగిన రోజే చెప్పేశాడు, "గోడలకి మేకులు మాత్రం కొట్టొద్దండీ, ప్లాస్టరింగ్ ఊడిపోద్ది" అని. అంతకుముందు ఉన్న ఆరు అద్దె ఇళ్ళలోనూ ఇదే మాట. అందుకని పెళ్ళయిన ఈ పంతొమ్మిదేళ్ళలో మా దేవుడు గోడకి వేలాడి ఎరగడు. వంటింటి అలమరలో పై అరలో, వెనక్కి ఆనుకుని నిలబడి ఉంటాడు. మేం కాపురం పెట్టిన రోజు మా అమ్మ ఇచ్చిన వెంకటేశ్వరస్వామి పటం అది. అమ్మ పోయాక ఆవిడ చేతిది మా ఇంట్లో మిగిలింది అదొక్కటే. ఇంత చిన్న సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకులో పెద్ద నష్టం ఆ లేని మేకు దగ్గరే మొదలైంది.

నేను గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను. రోజూ పాసింజరు బండిలో వెళ్ళి వస్తాను. బ్యాంకంటే ఏమిటి, లాకరంటే ఏమిటి అని ఇరవై ఏళ్ళుగా పిల్లలకి నోట్సు చెబుతున్నవాణ్ణి. ఆ నేనే బిట్‌కాయిన్ కొన్నాను. ట్యూషన్ల మీద మిగిలినదీ, మా ఆవిడ రెండు పేటల గొలుసు అమ్మితే వచ్చిందీ కలిపి కొంచెం కొంచెంగా కొన్నాను. గొలుసు ఇచ్చేటప్పుడు ఆవిడ ఒకటే షరతు పెట్టింది. పెరిగినప్పుడు చల్లపల్లిలో బాబాయి ఇల్లు కొనాలి. ఆ బాబాయి ఆవిడకి దూరపు వరస. రెండు గదుల పాత డాబా, పెరట్లో కరివేపాకు చెట్టు, అంతే. కానీ ఆవిడ ఆ ఇంటికి మనసులోనే సున్నం కూడా వేసేసుకుంది.

ఈలోగా ఎక్కడో బిట్‌కాయిన్లు కొని అమ్మిపెట్టే ఒక ఎక్స్ఛేంజి మూతపడి జనం డబ్బంతా ఇరుక్కుపోయిందని వార్త వచ్చింది. నాకు నిద్ర పట్టలేదు. మా కాలేజీ కంప్యూటర్ మాస్టారు స్టాఫ్ రూములో కూర్చోబెట్టి నాకే పాఠం చెప్పాడు. ఎక్స్ఛేంజిలో ఉన్నంతకాలం కాయిన్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. "తాళంచెవి మన దగ్గర లేనప్పుడు సొమ్ము మనదెలా అవుద్దండీ?" అన్నాడు. నా ఫోన్‌లోనే ఒక వాలెట్ పెట్టించి, కాయిన్లు అందులోకి తెప్పించాడు. ఆ వాలెట్ పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇచ్చింది. అవి వరస తప్పకుండా మన దగ్గరుంటే ఏ ఫోన్‌లోనైనా మన సొమ్ము మనకి తిరిగొస్తుంది. లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. వెళ్ళి మొరపెట్టుకోవడానికి మేనేజరు ఉండడు, బ్రాంచీ ఉండదు.

"కాగితం మీద రాసుకోండి. ఫొటో తియ్యొద్దు, ఫోన్‌లో పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

"మా ఆవిడకి?"

"మాటలు చెప్పక్కర్లేదు. కాగితం ఎక్కడుందో మాత్రం ఆవిడకి తెలియాలండీ."

ఆ ఆఖరి మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నా నమ్మకం. ఆవిడకి చెబితే సాయంత్రానికి కింది వాటాలో తెలుస్తుంది, మర్నాడు అవనిగడ్డ పక్కన ఆవిడ పుట్టింట్లో తెలుస్తుంది అనుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పటం వెనక అట్ట విప్పి, కాగితం నాలుగు మడతలు పెట్టి లోపల దూర్చి, మళ్ళీ బిగించాను. దేవుడి వెనక చెయ్యి పెట్టేదెవరు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరవాత ఆ ఫోన్ పాడైతే గుడివాడలో ఏదో ఆఫరు కింద షాపుకి ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. ఇచ్చేముందు పాతదాంట్లో ఉన్నదంతా తుడిపించాను. వాలెట్ కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకోలేదు. ఫోన్‌లో లేకపోవడమే ఇంకా భద్రం అనిపించింది. రోజూ పొద్దున్నే స్వామికి దండం పెట్టేటప్పుడు నా కళ్ళు ఆయన మొహం మీద కాదు, ఫ్రేము అంచుల మీద ఉండేవి. ఫ్రేము ఉంది, అంటే కాగితమూ ఉంది.

ఎండలు ముదిరే రోజుల్లో చల్లపల్లి బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మాయీ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నా. ముందు నీకే చెప్తున్నా" అన్నాడు. మా ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ ఆదివారం నేను స్క్రూడ్రైవరు తీసుకుని పటం దించాను. వెనక కొత్త అట్ట, మెరిసే టేపు, దాని మీద ఏదో ఫ్రేముల షాపు స్టిక్కరు. విప్పి చూస్తే లోపల బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఇది మన పటమేనా?" అన్నాను.

ఆవిడ బియ్యం చెరుగుతున్న చాట అలాగే పట్టుకుని నిలబడింది. "చెప్తే బాధపడతారని చెప్పలేదండీ. శ్రావణమాసంలో అర తుడుస్తుంటే జారి పడింది. అద్దం నిలువునా పగిలింది. అత్తయ్యగారు ఇచ్చింది కదా, మీ మొహం చూడలేక కోనేరు సెంటర్లో అదే బొమ్మ, అదే సైజు, అదే రకం ఫ్రేము వెతికి తెచ్చాను."

"మరి పాతది?"

"పగిలిన పటం ఇంట్లో ఉంచుకోకూడదు కదండీ. పులిగడ్డ వారధి మీంచి కృష్ణలో కలిపాం కదా, ఆ సంచిలోదే."

అవును, కలిపాం. ఆవిడ పుట్టింటికి స్కూటరు మీద వెళ్తూ, పాత పూజసామాను ఏదో నదిలో వెయ్యాలంటే దారి మళ్ళించి ఆ వారధి మీద ఆపింది నేనే. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజులు, నీళ్ళు ఎర్రగా నిండుగా పోతున్నాయి. ఆవిడ సంచి ఎత్తి పట్టుకుని, "ఒకసారి దండం పెట్టుకోండి" అంది. నేను రెయిలింగుకి ఆనుకుని ఫోన్‌లో బిట్‌కాయిన్ రేటు చూసుకుంటున్నాను. ఆ రోజు బాగా పెరిగింది. ఫోన్ దించకుండానే రెండో చేత్తో దండం పెట్టాను.

నోట్లో నువ్వుగింజ నానదనుకున్న మనిషి ఎనిమిది నెలలు ఒక్క మాట బయటికి రానివ్వలేదు, అదీ నా మనసు కష్టపెట్టకూడదని. అప్పుడు మాత్రం నేను కాగితం సంగతి చెప్పానా? "దుమ్ము తుడుద్దామని విప్పాను, సరేలే" అన్నాను.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి పులిగడ్డ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నన్నడగకండి. గట్టున ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం పడేసుకున్నారండీ?" అన్నాడు.

"దేవుడి పటం. ఎనిమిది నెలలైంది."

నన్ను ఎగాదిగా చూశాడు. "కలిపేసిన దేవుణ్ణి మళ్ళీ ఎతుక్కుంటారేంటండీ ఎవరైనా? ఇక్కడ ఆటుపోటు ఉంటది. ఈపాటికి హంసలదీవి దాటి సముద్రంలో కలిసిపోయుంటది."

కంప్యూటర్ మాస్టారు ఎన్ని మాటలు గుర్తున్నాయని అడిగాడు. ఒకటి మ్యాంగో, ఒకటి ల్యాడరు, ఇంకో రెండు అటూ ఇటూగా. ఆయన తల అడ్డంగా ఊపి, నా భుజం మీద చెయ్యేసి క్లాసుకి వెళ్ళిపోయాడు.

సొమ్ము పోలేదు, అదీ నరకం. ఆ వాలెట్ అడ్రసు నా పాత మెయిల్లో ఉంది. ఎవరైనా ఇంటర్నెట్లో చూడొచ్చు. నా కాయిన్లు ఎక్కడివి అక్కడే, పైసా కదలకుండా ఉన్నాయి. రేటు ఇంకా పెరుగుతోంది. దొంగ ఎత్తుకుపోయుంటే తిట్టుకోవడానికి ఒకడుండేవాడు. నాకు ఆ దిక్కు కూడా లేదు. రోజూ రైల్లో కూర్చుని చూస్తాను, చూడకూడదనుకుంటూనే చూస్తాను.

మూడు వారాలు నెట్టుకొచ్చాను. రేటు ఇంకొంచెం పెరగనీ అన్నాను, మార్కెట్ బాగోలేదన్నాను. ఆవిడ నమ్మింది. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ చంపింది. ఒక సాయంత్రం కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"బాబాయి రేపటికల్లా చెప్పమన్నాడు. వేరే పార్టీ అడ్వాన్సు ఇస్తామంటున్నారట. అదలా ఉంచండి. రేపు మీకేదన్నా అయితే ఆ డబ్బు ఎలా తియ్యాలో నాకు తెలియాలి కదండీ? గొలుసు నాదే కదా."

అప్పుడు చెప్పాను. కాగితం గురించి, పన్నెండు మాటల గురించి, పటం వెనక అట్ట గురించి. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించి వచ్చింది.

"వెనక అట్ట వదులుగా ఉందండీ," అంది. "నీళ్ళలో వేస్తే స్వామి విడిపోతాడేమోనని, దారంతో నాలుగు చుట్లు గట్టిగా కట్టి మరీ వేశాను."

నువ్వైనా ఆ రోజే చెప్పాల్సింది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. నా జీవితంలో నేను సరిగ్గా దాచింది అదొక్కటే.

మర్నాడు ఆవిడే బాబాయికి ఫోన్ చేసి, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. తరవాత వంటింట్లోంచి ఠంగుమని చప్పుడు వినిపించి వెళ్ళాను. ఎక్కడ సంపాదించిందో ఇంత పొడుగు మేకు, పచ్చడిబండతో గోడకి దిగ్గొడుతోంది. సున్నం పెచ్చులు స్టవ్ మీద రాలుతున్నాయి.

"పైన ఏంటండీ ఆ చప్పుడు?" కింద నుంచి ఓనరుగారు కేకేశాడు.

"మేకండీ," అంది ఆవిడ చెయ్యి ఆపకుండా. "ఇక మేం ఎక్కడికీ వెళ్ళేది లేదు లెండి."

ఆవిడ నా వైపు చూడకుండా చెయ్యి చాపింది. నేను అలమరలోంచి పటం తీసి అందించాను.